పడిపోయినవాడి గెలుపు

కీవ్, 2021 ఆగస్టు

లేత నీలం గోడలు, తెల్లటి స్తంభాలు. ఉక్రెయిన్ అధ్యక్షుడి అధికార భవనం మారిన్‌స్కీ ప్యాలెస్ అది. పక్కనే పార్లమెంటు. దేశాధినేతలకు స్వాగతాలు పలికే ఆ ముంగిట ఇప్పుడు స్పీకర్లలో తెలుగు పాట మోగుతోంది. 'ఆర్‌ఆర్‌ఆర్' సినిమాలోని 'నాటు నాటు' అది. ఎన్టీఆర్, రామ్‌చరణ్ భుజాల మీద చేతులు వేసుకుని, సస్పెండర్లు పట్టి లాగుతూ, కాళ్లు ఎడాపెడా విసురుతున్నారు. దుమ్ము లేస్తోంది. కట్! మళ్లీ మొదటి నుంచి.

మానిటర్ దగ్గర దర్శకుడు రాజమౌళి ఫ్రేము ఆపి చూస్తున్నారు. ఈయన కాలు ఎంత ఎత్తులో ఉంది, ఆయన కాలు ఎంత ఎత్తులో ఉంది? వెంట్రుకవాసి తేడా కనిపించినా ఇంకో టేక్. ఆ ఒక్క స్టెప్పు కోసం 18 టేకులు చేయించి, చివరికి రెండోదే వాడారని తర్వాత ఎన్టీఆరే చెప్పుకొచ్చారు. ఆ స్టెప్పు కట్టిన డ్యాన్స్ మాస్టర్ ప్రేమ్ రక్షిత్. ఇద్దరి ఆటా ఒకే ఒంట్లోంచి వచ్చినట్టుండాలన్నదే అక్కడ అందరి పట్టుదల.

ఆరు నెలలు తిరిగేసరికి, 2022 ఫిబ్రవరి 24న, ఆ నగరం మీద బాంబులు పడ్డాయి. 2023లో అదే ఉక్రెయిన్ సైనికులు మికొలాయివ్‌లో ఈ పాటకే చిందేసి వీడియో తీసుకున్నారు. యుద్ధం నడుమ నిలబడ్డవాళ్లకు మన పాట ఊపిరి పోసిందంటే అది చిన్న సంగతి కాదు.

పది శాతానికి పంతొమ్మిది నెలలు

ఇక సినిమా కథలోకి వెళ్దాం. సందర్భం 1920ల ఢిల్లీ. తెల్లదొరల విందు. కొమరం భీమ్ అక్కడ అక్తర్ పేరుతో ఉన్నాడు. పక్కన స్నేహితుడు రామరాజు, అంటే రామ్. మీకు డ్యాన్సంటే తెలుసా అని ఓ దొర నలుగురిలో కించపరుస్తాడు. దానికి జవాబు మాటతో కాదు, ఆటతో చెప్పాలి.

ఆ బాధ్యత పాట రచయిత చంద్రబోస్ మీద పడింది. వరంగల్ ప్రాంతంలోని చల్లగరిగెలో పుట్టి పెరిగిన మనిషి. దాదాపు 90 శాతం పాట పూట గడిచేలోపే వచ్చేసిందని, మిగిలిన 10 శాతానికి 19 నెలలు పట్టిందని ఆయన చెప్పారు. ఒక్కో మాట పెట్టడం, తీసెయ్యడం, మళ్లీ పెట్టడం. పాట విన్నవాళ్లకు అదంతా ఆశువుగా వచ్చినట్టే ఉంటుంది. పనితనమంటే అదే.

సంగీత దర్శకుడు కీరవాణి దానికి జాతర డప్పు నడకనే ఎంచుకున్నారు. సినిమావాళ్లు సిక్స్-ఎయిట్ అంటారు. గ్రామదేవత ఊరేగింపులో తప్పెట మీద దరువు పడగానే, వద్దనుకున్నా కాలు కదిలే నడక అది. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతులు పోటాపోటీగా అందుకున్నాయి.

జొన్నరొట్టె, మిరపతొక్కు, పోలేరమ్మ జాతర, పోతరాజు, కిర్రుచెప్పులు, కర్రసాము. పాటలో వచ్చే ఈ సరంజామా ఏదీ పల్నాటివాడికి ఒకరు విడమరిచి చెప్పాల్సింది కాదు. మిరప కల్లాలు, అంకాలమ్మ కొలువులు ఉన్న కారంపూడి లాంటి ఊళ్ల సొత్తే అది.

తెర మీదికి రాకముందే

2021 నవంబరు 10న 'నాటు నాటు' లిరికల్ వీడియో బయటికొచ్చింది. 2022 జనవరి 7న రావాల్సిన 'ఆర్‌ఆర్‌ఆర్' కరోనా వల్ల మార్చి 25కి జరిగింది. ఆ నాలుగు నెలలూ సినిమా లేకుండా పాట ఒక్కటే జనంలో తిరిగింది. అన్నదమ్ములు, వదినా మరదళ్లు, కాలేజీ జతలు ఫోన్ ఎదురుగా పెట్టుకుని కాళ్లు కలపడానికి తంటాలు పడ్డారు. ఒక్కరు చేస్తే నిండని స్టెప్పు ఇది. పక్కనొకరు ఉండాలి. పాట అంతగా పాకడానికి ఇదీ ఒక కారణమే.

2022 జూన్ 1న అమెరికా థియేటర్లలో సినిమాను ఒక్కరోజు కోసం మళ్లీ వేశారు. సెప్టెంబరు 30న లాస్ ఏంజెలెస్ చైనీస్ థియేటర్లో పాట రాగానే తెలుగు ముక్క రానివాళ్లు సీట్లు వదిలి తెర ముందుకొచ్చి ఆడారు. 2023 జనవరి 9 ఆటకు అక్కడే టికెట్లు 98 సెకన్లలో అయిపోయాయి.

మర్నాడు రాత్రి గోల్డెన్ గ్లోబ్. టేలర్ స్విఫ్ట్, లేడీ గాగా, రిహాన్నా పాటలను దాటి 'నాటు నాటు' గెలిచింది. మార్చి 12 రాత్రి డాల్బీ థియేటర్లో ఆస్కార్ వేడుక. మనకప్పుడు సోమవారం పొద్దున. రాహుల్, కాలభైరవ వేదిక మీద పాడి ముగించగానే హాలంతా లేచి నిలబడింది. కాసేపటికి ఉత్తమ పాటగా ఆ పేరే పిలిచారు. కీరవాణి తన కృతజ్ఞతను పాటగా పాడారు. పక్కన చంద్రబోస్ నమస్తే అన్నారు. భారతీయ సినిమా పాటకు ఆ విభాగంలో ఆస్కార్ రావడం అదే మొదలు. 2009లో గెలిచిన 'జై హో' బ్రిటిష్ నిర్మాణమైన సినిమాలోది.

చప్పట్లతోపాటు రచ్చలు

ఆదరణ అంటే పొగడ్తలొక్కటే కాదు. గోల్డెన్ గ్లోబ్ వచ్చినప్పుడు తెలుగు జెండా ఎగిరిందని అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ట్వీట్ చేస్తే, అది భారత జెండా కదా అని గాయకుడు అద్నాన్ సమీ తగువుకొచ్చారు. ఆస్కార్ వేదిక మీద ఆడినవాళ్లలో దక్షిణాసియా డ్యాన్సర్లు ఏరని అమెరికాలోని మనవాళ్లు నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనది. మన చిందును నెత్తిన పెట్టుకున్న సభలో మన పిల్లలకు చోటు ఉండి తీరాలి.

ఇంట్లోనూ ఒక మాట వినిపించింది. కీరవాణి 'అన్నమయ్య'కు జాతీయ పురస్కారం అందుకున్న మనిషి, చంద్రబోస్ 'మౌనంగానే ఎదగమని' రాసిన కవి, వాళ్ల గొప్ప పాట ఇదేనా అని. ఆ పాటల విలువ ఎక్కడికీ పోదు. కానీ ఒళ్లు ఊగించే పాట తక్కువ జాతిదన్న చిన్నచూపును మాత్రం నేను ఒప్పుకోను. జాతరలో డప్పు కొట్టేవాడి విద్యను ఊరు ఎన్ని తరాలు ఊరవతలే ఉంచిందో మనకు తెలుసు. ఆ నడకకు ప్రపంచం లేచి నిలబడింది. ప్రేమ్ రక్షిత్‌కు ఈ పాటకే జాతీయ పురస్కారం వచ్చింది.

కారంపూడి నుంచి చూస్తే

ఈ పాటలో దరువు కంటే లోతైనది ఒకటుంది. పందెం సాగుతుంది. దొరలు ఒక్కొక్కరే చతికిలబడతారు. చివరికి మిగిలేది ఇద్దరు మిత్రులే. ఇప్పుడు పోటీ వాళ్లిద్దరి మధ్య. భీమ్ గెలవాలని, అతను మనసుపడ్డ జెన్నీ కళ్లలో ఉన్న ఆశను రామ్ గమనిస్తాడు. ఓపిక ఉండి కూడా కావాలని పడిపోతాడు. గెలుపు మిత్రుడి చేతిలో పెడతాడు.

కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఉన్నవాళ్లకు ఈ ఘట్టం వేరేగా తగులుతుంది. పల్నాటి కథలోనూ ఒక పందెం ఉంది. రాజ్యం పంచుకున్న సవతి అన్నదమ్ముల మంత్రులు నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు. ఆమె కోడి, ఆయన కోడి. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలి. బ్రహ్మనాయుడి పక్షం ఓడింది, వెళ్లిపోయింది. గడువు తీరాక రాజ్యం అడిగితే దక్కలేదు. 12వ శతాబ్దంలో ఈ కారంపూడి నేల మీద ఆ అన్నదమ్ముల పక్షాలవాళ్లు ఒకరినొకరు నరుక్కున్నారు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి లాంటి కుర్రవాడు తిరిగి రాలేదు. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు, రాచగావు మొదలు కళ్లిపాడు దాకా, వీర్ల గుడి దగ్గర ఆ కథనే తలుచుకుంటున్నాం. కోడిపోరుకు అందులో ఒక రోజు ప్రత్యేకం.

నాగమ్మ పక్షమా, బ్రహ్మన్న పక్షమా అని ఇప్పటికీ వాదించుకునే నేల ఇది. పంతం ఇక్కడ పరువు కింద లెక్క. తగ్గినవాడిని చేతకానివాడంటారు. ఆ మాట పడలేక ఎన్ని కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరిగాయో, ఎన్ని పొలాలు అమ్ముడుపోయాయో పల్నాటిలో ఎవరిని అడిగినా చెబుతారు.

అందుకే ఆ ఐదు రోజుల ఉత్సవాలకు వచ్చే పిల్లలకు ఈ రెండు పందేలూ పక్కపక్కన పెట్టి చెప్పాలి. ఒకదాంట్లో ఎవరూ తగ్గలేదు, రాజ్యమే పోయింది. ఇంకొకదాంట్లో ఒకడు తగ్గాడు, స్నేహం నిలిచింది, శత్రువు ఓడాడు. వీరుల పౌరుషానికి దణ్ణం పెడదాం. బతకడానికి మాత్రం రామ్ చేసిన పని నేర్చుకుందాం. సాటివాడి కోసం ఒక మెట్టు దిగడానికి కూడా గుండె కావాలి.