గోదావరీ సీమయందు రాతిగుళ్ల తొలినాళ్లు

ఒండ్రుమట్టి తప్ప బండ యెఱుగని మన మండపేట సీమకు రాతిగుళ్లు ఎట్లు వచ్చినవో కొంత మనవి చేసెదను.

మనకు ఈశాన్యముననున్న బిక్కవోలు ఆలయములు తూర్పు చాళుక్యుడగు గుణగ విజయాదిత్యుని (849-892) నాటివని చరిత్రకారుల మాట. అవి చిన్నవి, లింగము ఒక్క గదిలో ఇముడును. పిమ్మట చాళుక్య భీముని (892-922) కాలమున పని మాఱినది. సామర్లకోట భీమేశ్వరలింగము సుమారు 14 అడుగుల యెత్తు. క్రింది గది కప్పును దాటి పై యంతస్తున శిరస్సు చూపును. అభిషేకము మేడమీదనే జరుగును. దాక్షారామమునందును ఇదే పద్ధతి. ఈ మేడ తరువాత తోచి వేసినది కాదని నా తలంపు. అంతటి లింగమును కట్టిన గోడలలోనికి దింపుట యెట్లు? లింగమును ముందు నిలిపి, దానిచుట్టును గోడలు లేపియుందురు. రెండంతస్తుల బరువును శిల్పి పునాదినాడే లెక్కించియుండును.

మండపములు, ప్రాకారములు పిదపటివి. ఇంగ్లండులోని డరహాము క్రైస్తవ దేవాలయమును సైతము 1093లో ఆరంభించి, పూజాస్థానమగు తూర్పుకొనను ముందుగాను, జనులు నిలుచు చావడిని వెనుకను కట్టిరి; 1133 నాటికి కప్పు ముగిసినది. ఆ రోజులలోనే దాక్షారామ స్తంభములపై దాతలు కులోత్తుంగ చోడుని (1070-1122) రాజ్యవర్షములు పేర్కొని, అఖండదీపములకు తామిచ్చిన దానములను చెక్కించుచుండిరి. ఏ భాగము ఏనాటిదో తెలుపునవి ఆ యక్షరములే. వానిపై సున్నము కొట్టించుట భక్తి యనిపించుకొనదు. ఒకానొక గుడిలో సున్నపుపొరల క్రింద ఒక దాత పేరును వ్రేలితో తడిమి చదివితిని. దానమిచ్చిన యేడు మాత్రము చిక్కలేదు.