బ్రేకు ప్యాడు వెనక కథ

మొన్న సైకిలు మీద ఆఫీసుకెళ్తుంటే బ్రేకు వేసినప్పుడల్లా కీచుమని ఒకటే గోల. సిగ్నల్ దగ్గర జనమంతా నావైపే చూశారు. ఇంటికొచ్చి చూద్దును కదా, డిస్క్ బ్రేకు ప్యాడ్లు అరిగిపోయి ఇనుము ఇనుముని రాసుకుంటోంది. కొత్తవి కొందామని షాపుకెళ్తే "ఆర్గానిక్ కావాలా, మెటలా అన్నా?" అన్నాడు కుర్రాడు. ఆర్గానిక్ అంటే నాకు కూరగాయలే తెలుసు! సరే, సంగతేంటో చూద్దామని తవ్వితే నూట పాతికేళ్ళ కథ బయటపడింది.

ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన ఉండేవాడు. కొండదారుల్లో బళ్ళు తోలేవాళ్ళు చెక్క బ్రేకులకి పాత బూట్లు కొట్టుకోవడం చూసి, అంతకన్నా మంచిది చేద్దామని 1897లో పని మొదలెట్టాడు. అదే తర్వాత ఫెరోడో కంపెనీ అయింది. ఆయన మొదట వాడింది నూలు. కానీ వేడెక్కితే నూలు మాడిపోతుంది.

1902లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ కారు డిస్క్ బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. లోహం మీద లోహం... చెవులు చిల్లులు పడే కీచు. అంటే నా సైకిలు బాధ 1902 నాటిదన్నమాట!

ఈ రెండు జబ్బులకీ ఒకటే మందు దొరికింది: రాతినార, అదే ఆస్బెస్టాస్. మాడదు, చప్పుడు చెయ్యదు, పైగా చవక. నూలులా వడకొచ్చు. మన పులివెందుల వైపు కూడా దీని గనులుండేవి. దశాబ్దాల పాటు ప్రపంచంలో బళ్ళన్నీ దీంతోనే ఆగాయి.

మనభాషలో చెప్పాలంటే అన్ని టెస్టులూ పాసైంది. కాకపోతే టెస్టుల్లో ఊపిరితిత్తులు లేవు.

రోచ్‌డేల్‌లో రాతినార వడికే పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో చనిపోయింది. 33 ఏళ్ళు. ఆ పీచే ఆమె ఊపిరితిత్తుల్ని తినేసిందని డాక్టరు తేల్చాడు. కంపెనీ పరిహారం ఇవ్వలేదు. 1931లో బ్రిటన్ ఫ్యాక్టరీల్లో దుమ్ము తగ్గించమని చట్టం చేసింది గానీ, గ్యారేజీలో బ్రేకు దుమ్ము ఊదే మెకానిక్కి అది వర్తించలేదు. పూర్తి నిషేధం వచ్చింది 1999లో. బగ్ దొరికాక ఫిక్స్ రావడానికి 75 ఏళ్ళు! అది తెలియక కాదు, ఆపితే నష్టం కంపెనీది, ఆపకపోతే ఇంకొకరిది కాబట్టి.

ఇక మన ప్యాడ్ల సంగతి. ఆర్గానిక్ అంటే రకరకాల పీచుని రెజిన్‌తో అంటించినది. మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. మెటల్ అంటే లోహపు పొడిని వేడిచేసి అదిమినది. వానకీ బురదకీ తట్టుకుంటుంది, గోల ఎక్కువ. డిస్కు మీద 'రెజిన్ ఓన్లీ' అని రాసుంటే మాత్రం మెటల్ వెయ్యకండి, డిస్కు అరిగిపోతుంది. మందం అర మిల్లీమీటరుకి వచ్చేలోపే మార్చెయ్యండి. ప్యాడుకి నూనె చెయ్యి తగలనివ్వద్దు. కొత్తవి వేశాక ఓ ఇరవైసార్లు మెల్లగా బ్రేకు వేస్తూ సర్దుకోనివ్వాలి.

నేను ఆర్గానిక్ తీసుకున్నాను. పాతవి తీశాక కుర్రాడు బ్రేకు దగ్గర మూతి పెట్టి ఊదబోయాడు. "తమ్ముడూ, ఊదకు. తడిగుడ్డతో తుడువు" అన్నా. వింతగా చూశాడు. అందులో రాతినార ఉండకపోవచ్చు. అయినా నా సైకిలు ఆగడానికి వాడి ఊపిరెందుకు?