పులికి జీతాల బాధ

మెదక్ ఖిల్లా ఎక్కాలంటే ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం దాటాలి. దండెత్తి వచ్చినవాడు పైకి చేరేలోపే అలసిపోవాలన్నది కట్టినవాళ్ల ఎత్తు. వీడియో గేముల్లో మాత్రం ఆటగాడు చాలాకాలం దండెత్తేవాడే. కోటలో దూరాలి, రాక్షసుణ్ని చంపాలి, నిధి పట్టుకుపోవాలి. 1997లో వచ్చిన ‘డంజియన్ కీపర్’ ఆ కోటను రాక్షసుడితో సహా ఆటగాడి చేతికే ఇచ్చింది.

దాన్ని తయారుచేసింది ఇంగ్లండ్‌లోని బుల్‌ఫ్రాగ్ సంస్థ. పీటర్ మాలిన్యూ, లెస్ ఎడ్గర్ దాన్ని 1987లో పెట్టారు. 1989 నాటి ‘పాపులస్’లో ఆటగాడు దేవుడు, 1994 నాటి ‘థీమ్ పార్క్’లో వినోదాల పార్కుకు యజమాని. డంజియన్ కీపర్లో ఆ రెండూ కలిశాయి.

ఇందులో విలన్ పాట్లు చూస్తే జాలేస్తుంది. ఇంప్‌లనే బుడ్డ దయ్యాల చేత సొరంగాలు తవ్వించాలి, బంగారం ఖజానాకు మోయించాలి. కొలువులో చేరిన భూతాలకు పడక, తిండికి కోళ్లు, సాముకు గది, చదువుకు గ్రంథాలయం అమర్చాలి. జీతాల రోజున ఖజానా ఖాళీగా ఉంటే అవి అలుగుతాయి, ఓపిక నశిస్తే కొలువే మానేస్తాయి. బద్ధకించినదాన్ని తెరమీది చేత్తో ఒక్కటి చరచొచ్చు. వేగం పెరుగుతుంది, ఒంటికి దెబ్బా తగులుతుంది. పట్టుబడ్డ వీరుల్ని హింసించి మన పక్షానికి తిప్పుకోవచ్చు, చెరలో మాడ్చి చంపితే అస్థిపంజరాలై మన సేనలోనే చేరతారు. కోట నడుమ ఒక గుండె ఉంటుంది. అది పగిలితే ఆట ముగిసినట్టే. ఇంత సంసారం ఈదేవాణ్ని దుర్మార్గుడనడం కన్నా మేస్త్రీ అనడమే న్యాయం.

చెడ్డ పక్షాన ఆడటం మనకు కొత్త కాదు. పులి–మేకలో 3 పులులు, 15 మేకలు. పులి మేక మీంచి దూకి చంపుతుంది, మేకలు చుట్టుముట్టి పులిని కదలనివ్వవు. నేపాల్ వారి బాఘ్‌చాల్‌లో 4 పులులు, 20 మేకలు. అరుగు మీద బొగ్గుతో గీసుకుని ఆడినవాళ్లెవరికీ పులి పక్షం తీసుకోవడం పాపమనిపించలేదు. కాకపోతే ఆ పులికి జీతాలిచ్చే బాధ లేదు. బుల్‌ఫ్రాగ్ కొత్తగా తెచ్చిపెట్టింది ఆ బాధనే.

బుల్‌ఫ్రాగ్‌ను 1995లోనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనేసింది. ఆట వెలువడిన ఏడాదే మాలిన్యూ వెళ్లిపోయాడు. 1999లో రెండో భాగం వచ్చింది. ‘థీమ్ పార్క్’కు కుర్రతనంలో పనిచేసిన డెమిస్ హసాబిస్ తర్వాత ఎలిక్సిర్ స్టూడియోస్ పెట్టాడు. అక్కడినుంచి 2004లో ‘ఈవిల్ జీనియస్’ వచ్చింది. అందులో ఆటగాడు దీవిలో స్థావరం కట్టుకుని లోకాన్ని చెరబట్టాలనుకునే, జేమ్స్ బాండ్ సినిమా మార్కు విలన్. ఈ హసాబిసే 2024లో రసాయనశాస్త్రంలో నోబెల్ పంచుకున్నాడు.

డంజియన్ కీపర్‌కు 2014లో ఫోన్ రూపం తొడిగారు. అందులో కొన్ని రాళ్లు తవ్వడానికి గంటలకు గంటలు ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. దాన్ని ‘ఉచితం’ అని ప్రచారం చేయడం తప్పుదోవ పట్టించడమేనని బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ అదే ఏడాది తేల్చింది. విలన్‌గా ఆడాలనే సరదా ఉంటే 1997 నాటి పాత ఆటే వెతుక్కోవడం మేలు.