బొద్దింక పుట్టినిల్లు

రాజుల కోటలను, వారి యుద్ధములను వర్ణించినంత శ్రద్ధతో మన చరిత్రకారులు సామాన్యుని వంటింటిని వర్ణింపలేదు. ఆ వంటింటి మూలలలో మనతోకూడ కాపురముండు జీవులను గూర్చి వ్రాసినవారు మరియు నరుదు. బొద్దింక, నల్లి, చీమ, ఎలుక యని పేరెత్తినంతనే ముఖము చిట్లించుకొందుము గాని, ఇవి మన యింటి కెట్లు వచ్చినవి, వచ్చి యెందుకు నిలిచినవి యని విచారింపము. పైగా, ఒకరి యింట బొద్దింక కనబడినచో ఆ యింటి యిల్లాలిని నిందింతుము. ఒక వాడలో ఎలుకలు పెరిగినచో ఆ వాడవారిని నిందింతుము. ఈ నింద న్యాయమైనదేనా? నిందవలన గాని, నింద తరువాత మనము చల్లు విషమువలన గాని ఇల్లు బాగుపడినదా? చరిత్ర నడిగి చూతము.

ఇంటి పురుగును పరులమీదికి త్రోయుట లోకమంతట నున్న యలవాటే. నేడు దేశదేశముల వంటిండ్లలో తిరుగాడు చిన్న గోధుమవన్నె బొద్దింకకు స్వీడను దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడైన లిన్నేయసు 1767లో జర్మనీ పేరు తగిలించెను. అంతకు ముందు 1756 మొదలు 1763 వరకు యూరపులో జరిగిన సప్తవర్ష సంగ్రామమున ఈ పురుగు సైన్యముల ఆహారపు నిలువలలో చేరి పెరిగెను. రష్యనులు దీనిని ప్రష్యావారి పురుగనిరి. జర్మనులు రష్యావారి పురుగనిరి. 1842లో న్యూయార్కు నగరమునకు క్రోటను నదినుండి మంచినీటి కాలువ తెచ్చిరి. గొట్టముల వెంట ఈ పురుగు ఇండ్లలో విస్తరింపగా, ఆ నగరవాసులు దీనికి క్రోటను పురుగని పేరు పెట్టిరి. మురుగుకాలువలలో నుండు పెద్ద ఎఱ్ఱ బొద్దింకకు అదే లిన్నేయసు 1758లో అమెరికా పేరు పెట్టగా, దాని జన్మస్థానము ఆఫ్రికా యనియు, అది ఓడల నెక్కి అమెరికా చేరెననియు తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఈ పేర్లన్నిటిలో న్యూయార్కువారి పేరే సత్యమున కించుక దగ్గరగా నున్నది. వారు పొరుగు దేశమును గాక, తమ యింటి నీటిగొట్టమునే చూపిరి.

చిన్న బొద్దింక నిజముగా నెక్కడిది? రెండువందలయేబది యేండ్లకు పైగా తెగని యీ ప్రశ్నకు 2024లో జవాబు దొరకెను. ఆరు ఖండములలోని 17 దేశములనుండి 281 బొద్దింకలను సేకరించి, వాని జన్యుపదార్థమును శాస్త్రజ్ఞులు పోల్చి చూచిరి. ఆ పరిశోధన ప్రకారము ఈ జాతి సుమారు 2,100 ఏండ్ల క్రిందట, భారతదేశమున గాని బర్మాలో గాని, పొలములలో నాకుల క్రింద నివసించు ఆసియా బొద్దింకనుండి చీలి మనుష్యుల యిండ్లలో చేరెను. సుమారు 1,200 ఏండ్ల క్రిందట అరబ్బుల వర్తకముతోను, దండయాత్రలతోను పడమటికి పోయెను. సుమారు 390 ఏండ్ల క్రిందట, యూరపు వర్తకసంఘముల ఓడలు మన రేవులలో తిరుగుచున్న కాలమున, తూర్పు దీవులకు పోయెను. యూరపు చేరినది సుమారు 270 ఏండ్ల క్రిందట. అనగా జర్మనులును రష్యనులును ఒకరిమీద నొకరు త్రోసికొన్న యీ పురుగు మనవైపు వంటిండ్లలో పుట్టి, మనుష్యుని మూటలలో లోకమంతయు తిరిగినది.

ఇందులో సిగ్గుపడవలసినది గాని, గర్వపడవలసినది గాని యేమియు లేదు. గ్రహింపవలసినది మాత్రము ఒకటి కలదు. పొలములోని ఆసియా బొద్దింక చక్కగా ఎగురును. దీపమును చూచి దగ్గరకు వచ్చును. ఇంటి బొద్దింక ఎగురలేదు; దీపమును చూచి పారిపోవును. ఇది యే యడవిలోను స్వతంత్రముగా బ్రతుకుచున్నట్లు ఇంతవరకు తెలియరాలేదు. మన గోడపగులే దానికి గుహ. మన తడిసిన తూమే దానికి ఏరు. మన యెంగిలియే దానికి పంట. సంస్కృత నిఘంటువులలో బొద్దింకకు తైలపాయిక, అనగా నూనె త్రాగునది, యను పేరు కలదు. దీపపు ప్రమిదెను, నూనెకుండను ఆశ్రయించి బ్రతికిన జీవికి తగిన పేరే యిది. కావున ఇంటినుండి దీనిని తొలగించుట యనగా, మొదట ఇంటిలో దానికి మన మమర్చిపెట్టిన సౌకర్యములను తొలగించుటయే.

మన పెద్దలకు ఈ సంగతి కొంతవరకు తెలియును. పాత తెలుగిండ్లలో పాలు, పెరుగు, వెన్న ఉట్టిమీద నుండెడివి. తినుబండారముల డబ్బాలను నీళ్ళపళ్ళెములో నుంచి చీమల నాపెడివారు. ధాన్యములో వేపాకు కలిపెడివారు, పప్పులను ఎండబోసెడివారు. నల్లులు పట్టిన నులకమంచములను ఎండలో వేసి దులిపి, కోళ్ళ సందులలో మరుగునీరు పోసెడివారు. పండుగ ముందు వేయు వెల్ల గోడకు కాంతినిచ్చుటయే గాక సన్నని పగుళ్ళనుగూడ పూడ్చెడిది. భోగినాడు పాత చీపుళ్ళను, విరిగిన బుట్టలను మంటలో వేయుటవలన సంవత్సరము పొడుగున పురుగులు గూడుకట్టిన చెత్త ఇంటినుండి పోయెడిది. వీనిలో నొక్కటియు విషము కాదు. తిండి అందనీయకుండుట, తడి నిలువనీయకుండుట, దాగుచోటు లేకుండ చేయుట యను మూడు సూత్రములే వీనిలో నున్నవి.

ఐనను పూర్వాచారమంతయు బంగారమని పొగడుట మా యుద్దేశము కాదు. ఉట్టి కట్టిన యా యింటనే వంటిల్లు వెలుతురు లేని మూలగది. రాత్రి భోజనముల యెంగిలి గిన్నెలు తెల్లవారువరకు పెరటిలో పడియుండెడివి. కుడితితొట్టి గుమ్మమునకు చేరువనే యుండెడిది. మురుగు తీయు పనిని కొన్ని కులముల నెత్తిన మోపి, ఆ పని చేసినవారినే అపరిశుభ్రులని దూరముంచితిమి. ఇంటి శుభ్రతా భారమంతయు స్త్రీలపై నుంచి, ఇల్లు కట్టునపుడు మాత్రము వంటింటికి కిటికీ యెక్కడ నుండవలెనో వారి నడుగలేదు. తూము వాలు తప్పిన యింట నెంత తుడిచినను తడి యారదు. ఆ తడికి వచ్చిన పురుగును చూపి ఇల్లాలిని సోమరి యనుట యెంత యన్యాయము!

నింద యొక్క ఫలమెంత ఘోరముగా నుండునో బొద్దింక కంటె ఎలుక చరిత్ర స్పష్టముగా చూపుచున్నది. 1896లో బొంబాయి రేవు చెంత, ధాన్యపు గిడ్డంగులతో క్రిక్కిరిసిన మాండ్వీ పేటలో ప్లేగు బయలుపడెను. ఆ రోగమునకు కారణమైన సూక్ష్మజీవిని 1894లోనే హాంగుకాంగులో యెర్సిను కనుగొనియుండెను. కాని అది మనుష్యుని చేరు త్రోవ తెలియదు. తెలియనిచోట నింద ముందు నడచెను. రోగమునకు ప్రజల మురికి యలవాట్లే కారణమని అధికారులు తలచిరి. 1897లో అంటురోగముల శాసనము చేసి, పూనా నగరమున సైనికులను ఇండ్లలోనికి పంపిరి. వారు సామానులు బయట వేయించిరి, తగులబెట్టిరి, స్త్రీలను పరీక్షల పేర నవమానించిరి. ఆ రోషము 1897 జూను 22వ తేదీన ప్లేగు అధికారియైన ర్యాండుపై చాపేకరు సోదరుల తుపాకిగా ప్రేలెను.

1898లో కరాచీయందు ఫ్రెంచి వైద్యుడు సీమోను, ఎలుకమీది గోమారివంటి చిన్న దుముకుడు పురుగే యీ రోగమును మోయుచున్నదని ప్రయోగము చేసి చూపెను. ఆ మాటను చాలమంది నమ్మలేదు. 1905లో నియమింపబడిన పరిశోధకసంఘము బొంబాయి యిండ్లలో గినీపందులను పంజరములలో నుంచి పరీక్షించినపుడు, నేల నంటియున్న పంజరములలోనివి రోగము తగిలి చచ్చెను. పురుగు దుమకలేనంత యెత్తున వ్రేలాడదీసినవి బ్రతికెను. అప్పటికి గాని సత్యము స్థిరపడలేదు. 1896 మొదలు సుమారు పాతికేండ్లలో ఈ దేశమున ఒక కోటికి పైగా ప్రాణములు ప్లేగు వాతబడినవి. గిడ్డంగి ప్రక్కనే కాపురముండక తప్పని కూలివాడు తన పేదరికముచే నెలుకకు పొరుగువాడైనాడు. అతని గుడిసెను కాల్చుటకు ముందు గిడ్డంగికి గట్టి నేల, గట్టి తలుపు నమర్చియుండిన నెంత మేలు కలిగెడిదో!

ఇక విషముల కథ. 1874లో ఒక విద్యార్థి ప్రయోగశాలలో తయారుచేసి విడిచిన డి.డి.టి. పురుగులను చంపునని 1939లో స్విట్జర్లాండుకు చెందిన ముల్లరు కనుగొనెను. అందులకై ఆయనకు 1948లో నోబెలు బహుమాన మిచ్చిరి. టైఫసు, మలేరియా వ్యాధులనుండి ఆ మందు అసంఖ్యాకుల ప్రాణములు కాపాడెను, దానిని మరువరాదు. కాని ఇంటి పురుగులకు కాలము తీరినదని లోకము సంతోషించుచుండగనే, 1946లో స్వీడనునందు డి.డి.టి.కి చావని ఈగలు కనబడెను. 1952లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, కార్పస్ క్రిస్టీ పట్టణములో, క్లోర్డేను అను మరియొక విషమునకు చావని చిన్న బొద్దింకలు బయలుపడెను. కారణము స్పష్టమే. ఆడు బొద్దింక ఒక్కొక్క గ్రుడ్లసంచిలో ముప్పది నలుబది గ్రుడ్లను మోయును. పిల్లలు వెచ్చని యింట రెండు మాసములలో పెద్దవగును. విషమునకు చావని ఒక్కటి మిగిలిన చాలును. ఏడాది తిరుగునప్పటికి ఆ సంతతియే ఇల్లు నిండును.

అంతకంటె నాశ్చర్యకరమైన సంగతి మరియొకటి కలదు. 1980 తరువాతి సంవత్సరములలో తీపి కలిపిన విషపు ఎరలు అమెరికాలో ప్రచారమునకు వచ్చెను. మొదట బొద్దింకలు వానిని తిని చచ్చెను. కొన్ని యేండ్లకు ఎర ముందరనే తిరుగుచు దానిని ముట్టుట మానెను. అవి విషమును గాక ఎరలోని గ్లూకోజు చక్కెరనే రోయుచున్నవనియు, ఆ గుణము పిల్లలకును సంక్రమించుననియు 1993లో తేలెను. గ్లూకోజు వాని నాలుకకు చేదుగా తోచునని 2013లో ఉత్తర కరోలినా శాస్త్రజ్ఞులు నిరూపించిరి. తీపిని చేదుగా మార్చుకొన్న జీవిని మనము మందుడబ్బాతో జయింతుమా? 2019లో ఇండియానా రాష్ట్రమునందలి పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు మందులను మార్చి మార్చి ప్రయోగించి చూడగా, ఒక్క తరములోనే కొన్ని బొద్దింకల నిరోధశక్తి 4 నుండి 6 రెట్లు పెరిగినట్లు కనబడెను.

'చిన్న పురుగే గదా, పోనిండు' అందురేమో. బొద్దింక ఆహారముమీద రోగక్రిములను మోసికొని తిరుగుటయే గాక, దాని మలమును, చర్మపు పొట్టును ధూళిలో కలిసి శ్వాసకోశముల చేరును. దీనివలన ఉబ్బసము కలుగునను సంగతి వైద్యులకు తెలియును. అమెరికా మహానగరముల పేదవాడలలో 476 మంది ఉబ్బసపు పిల్లలను పరీక్షించి 1997లో ప్రకటించిన ఫలితము ప్రకారము, బొద్దింక పదార్థము పడని పిల్లలు అది విస్తారముగా నున్న గదులలో పండుకొన్నచో, తక్కినవారికంటె మూడురెట్లకు పైగా ఆసుపత్రి పాలైరి. ఆ పిల్లలు చేసిన తప్పేమి? వారి తల్లులు చేసిన తప్పేమి? గోడలు పగిలి, గొట్టములు కారుచున్న గదులను అద్దెకిచ్చినవారి నెవరును అడుగలేదు. మన పట్టణములలో క్రిక్కిరిసిన వాటాల యిండ్లను చూచిన చదువరులకు ఈ మాట క్రొత్త కాదు.

కావున చేయవలసిన దేమనగా: బొద్దింక తిండి లేక ఒక మాసము బ్రతుకవచ్చును గాని, నీరు లేక రెండు వారములు దాటుట యరుదు. అందుచే కారు కుళాయిని బాగుచేయుటయే మొదటి మందు. రాత్రి పండుకొనబోవుముందు గిన్నెలు కడిగి, తొట్టిని ఆరదుడిచి, చెత్తబుట్టకు మూత వేయవలెను. గొట్టములు గోడలో దూరుచోట సందులను సిమెంటుతో పూడ్చవలెను. అర సెంటిమీటరు సందు దానికి చాలును. తూములకు జల్లెడ మూతలు అమర్చిన పెద్ద బొద్దింక రాదు. అంగడినుండి తెచ్చిన అట్టపెట్టెలను ఇంట దాచరాదు. గ్రుడ్లసంచులు వానివెంట వచ్చును. ఇంత చేసినను మిగిలినచో, బోరిక్ ఆమ్లపు పొడిని పిల్లలకును పెంపుడు జంతువులకును అందని పగుళ్ళలో పలుచగా చల్లవచ్చును. అదియు పొడిచోటనే పనిచేయును. మందును తిండి డబ్బాల ప్రక్క నెన్నడు నుంచరాదు. వాటాల యింట నొక్కరు చేసిన చాలదు. ఒక గదినుండి వెళ్ళగొట్టినది ప్రక్క గదిలో చేరును గనుక, అందరు నొక్కసారి పూనుకొనవలెను. ఇంటి యజమాని గోడను, పురపాలకసంఘము కాలువను బాగుచేయవలెను. ఇంటి పురుషులు చీపురు పట్టుట నామోషి యనుకొనరాదు.

రెండువేల యేండ్ల క్రిందట ఒక పొలపు పురుగు మన గుమ్మము దాటి లోనికి వచ్చెను. అది వచ్చినది మన వెచ్చదనమును, మన తడిని, మన యెంగిలిని చూచి. వీనిని నిలిపియుంచి పురుగును మాత్రము చంపబూనిన ప్రతితరమును ఓడిపోయెను. ఇకనైన, పొరుగింటివైపు వ్రేలు చూపుటకు ముందు మన తూమువైపు ఒకసారి వంగి చూతము.