బెట్టకు బ్యాక్టీరియా సాయం: నల్లరేగడిలో ఆధారాలు ఎంతవరకు?

అమరావతి చుట్టుపక్కల, ఇటు పల్నాడు నుంచి అటు ప్రకాశం దాకా, వర్షాధారపు పత్తికి, మిరపకు బెట్ట కొత్త కాదు. నాలుగు వానలు కురిసి, ఆపైన రెండు మూడు వారాలు మొహం చాటేస్తే నల్లరేగడి నెర్రెలిస్తుంది. పత్తిలో గూడ, పూత రాలిపోతాయి. వేళ్ళ చుట్టూ బతికే మేలుచేసే బ్యాక్టీరియా ఈ దెబ్బను తగ్గిస్తుందన్న మాట కొన్నేళ్ళుగా వినిపిస్తోంది. అందులో రుజువైనదెంత, మన నేలకు వర్తించేదెంత అన్నది విడదీసి చూడాలి.

ఎలా పనిచేస్తుంది?

నీరు తగ్గినప్పుడు మొక్కలో ఏసీసీ అనే పదార్థం పెరిగి, దాని నుంచి ఇథిలిన్ వాయువు తయారవుతుంది. ఇథిలిన్ మోతాదు మించితే వేరు ఎదుగుదల మందగిస్తుంది, ఆకు, పూత రాలుతాయి. కొన్ని బ్యాక్టీరియాలలో ఏసీసీ డీఅమినేజ్ అనే ఎంజైము ఉంటుంది. వేరు నుంచి బయటికి వచ్చే ఏసీసీని అవి విడగొట్టి, అందులోని నత్రజనిని వాడుకుంటాయి. ఆ మేరకు మొక్కలో ఇథిలిన్ తగ్గుతుందని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ గ్లిక్ బృందం 1998లో ప్రతిపాదించింది. మరికొన్ని బ్యాక్టీరియాలు జిగురు పదార్థాన్ని స్రవిస్తాయి. ఆ జిగురు వేరుకు మట్టిని అంటిపెట్టి, తేమ తొందరగా ఆరిపోకుండా చూస్తుంది.

ప్రయోగాలు ఏం చెబుతున్నాయి?

మిరపకు దగ్గరి ఆధారం 2004లో వచ్చింది. ఇజ్రాయెల్‌లోని అరావా ఎడారి ప్రాంతంలో దొరికిన ఒక అక్రోమోబాక్టర్ రకాన్ని షిమోన్ మాయక్, గ్లిక్ తదితరులు టమాటా, క్యాప్సికం నారుపై పరీక్షించారు. బెట్టకు గురైన నారులో బ్యాక్టీరియా ఇచ్చిన మొక్కల బరువు ఎక్కువగా ఉంది. అయితే నీరు ఆపినన్నాళ్ళూ మొక్కలో తేమ పడిపోవడాన్ని బ్యాక్టీరియా ఆపలేదు. తిరిగి నీరు పెట్టాక కోలుకోవడంలోనే అది తోడ్పడింది.

మన దగ్గరి ఆధారం హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడాది. అక్కడి శాస్త్రవేత్తలు పొద్దుతిరుగుడు వేళ్ళ దగ్గరి ఎర్రనేల నుంచి సూడోమోనాస్ పుటిడా జీఏపీ-పీ45 అనే రకాన్ని వేరు చేశారు. 2009లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఈ బ్యాక్టీరియా పట్టించిన విత్తనాల నుంచి వచ్చిన మొలకలు బెట్టలో ఎక్కువగా బతికాయి, వేరును అంటుకున్న మట్టి కూడా పెరిగింది. మరుసటి ఏడాది మొక్కజొన్నపైనా అనుకూల ఫలితాలు వచ్చాయి.

2018లో ప్రచురితమైన ఒక విశ్లేషణ జీవన ఎరువులపై 171 పరిశోధన పత్రాలను కలిపి చూసింది. పొడి వాతావరణ ప్రాంతాల్లో దిగుబడి సగటున 20 శాతం, ఉష్ణమండలంలో సుమారు 15 శాతం పెరిగినట్లు తేలింది. ఇది సగటు మాత్రమే. ఇందులో పోషకాలు మెరుగ్గా అందడం వల్ల వచ్చిన లాభమూ ఉంది కాబట్టి మొత్తాన్నీ బెట్ట ఖాతాలో వేయలేం.

మన పొలానికి వస్తే

క్రీడా రకం పుట్టింది ఎర్రనేలలో, పరీక్షకు నిలిచింది పొద్దుతిరుగుడు, మొక్కజొన్న లేత మొక్కలపై. నల్లరేగడి తీరు వేరు. అందులోని బంకమన్ను నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. తేమ కనిపిస్తున్నా వేరుకు అందనిది చాలానే ఉంటుంది. పైగా జీఏపీ-పీ45 జిగురు తయారీని కొలిచింది మైనస్ 0.73 మెగాపాస్కల్ నీటి ఒత్తిడి దగ్గర (ఈ అంకె ఎంత కిందికి దిగితే బెట్ట అంత తీవ్రం). మొక్క ఇక కోలుకోలేనంతగా వాడిపోయే స్థాయిని శాస్త్రవేత్తలు సాధారణంగా మైనస్ 1.5గా లెక్కిస్తారు. అంటే ఆ కొలత ఓ మాదిరి బెట్టకు సంబంధించినదే; నెర్రెలిచ్చిన నేలకు దాన్నే సాక్ష్యంగా తీసుకోలేం. కుండీలో లేని పోటీ కూడా పొలంలో ఉంటుంది: అప్పటికే అక్కడ స్థిరపడిన సూక్ష్మజీవుల మధ్య కొత్తది నిలదొక్కుకోవాలి.

అమరావతిలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పరిశోధనా స్థానం ఉంది. జీవన ఎరువుల తయారీలో అది పేరున్నదే. 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి వచ్చిన ప్రమాణాల ప్రకారం అజోస్పైరిల్లం వంటి జీవన ఎరువు ద్రవరూపంలో మిల్లీలీటరుకు 10 కోట్లు, పొడి రూపంలో గ్రాముకు 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. అవి నత్రజని, భాస్వరం వంటి పోషకాల కోసం పెట్టుకున్న కొలతలు. ఆ సంఖ్య సరిపోయినంత మాత్రాన బెట్టకు హామీ దొరికినట్లు కాదు.

వాడి చూడాలనుకునే రైతుకు మిరప అనువైనది. ప్రోట్రేలలోని నారుకు పోయవచ్చు, లేదా నాటే ముందు వేళ్ళను ద్రావణంలో ముంచవచ్చు. పత్తి గింజ చాలావరకు పురుగుమందు పట్టించే వస్తుంది కాబట్టి, మాగిన పశువుల ఎరువులో కలిపి సాలులో వేయడం మేలు. ప్యాకెట్టును ఎండలో ఉంచకూడదు, శిలీంద్రనాశినితో కలపకూడదు.

ఒకే చేలో, ఒకే రోజు నాటిన సాళ్ళలో కొన్నింటిని బ్యాక్టీరియా వేయకుండా వదలండి. మిగతా యాజమాన్యం అంతా ఒకేలా ఉండాలి. బెట్టలో ఎన్ని మొక్కలు వాడాయి, వాన పడ్డాక ఎన్ని తేరుకున్నాయి, చివరకు కాయ ఎంత తూగింది అన్నది రాసుకోండి. నల్లరేగడి మిరప, పత్తిలో పలు సీజన్లు, పలు ఊళ్ళలో ఇలాంటి పోలిక నిలిచేదాకా బ్యాక్టీరియాను తోడుగానే చూడాలి. దాన్ని నమ్ముకుని ఒక తడిని మానుకోవద్దు.