పారిగర్భికం నుంచి క్వాషియార్కర్ దాకా: పాలు మాన్పించడం వెనుక చరిత్ర

రేణిగుంట నుంచి శ్రీకాళహస్తికి వెళ్లే దారిలో ఉన్న మా ఏర్పేడు ఇప్పుడు చదువుల కేంద్రం. ఐ.ఐ.టి., ఐసర్ ప్రాంగణాలు ఈ మండలంలోనే వెలిశాయి. అయినా చుట్టుపక్కల పల్లెలలో ఏడాదిన్నర బిడ్డకు పాలు మాన్పించవలసి వస్తే అవ్వలు చెప్పే ఉపాయం మాత్రం మారలేదు. చనుమొనకు వేపాకు ముద్ద గాని, వేపనూనె గాని, కాకర రసం గాని పూస్తారు. బిడ్డ ఒకటి రెండు సార్లు నోరు పెట్టి, చేదుకు ముఖం ముడుచుకొని ఏడ్చి, మూడో నాటికి మరచిపోతాడని నమ్మకం. అంత తొందర ఎందుకని అడిగితే తరచుగా వినిపించే కారణం ఒకటే: తల్లికి మళ్లీ నెల తప్పింది. కడుపుతో ఉన్న తల్లి పాలు బిడ్డకు పడవంటారు.

చేదు పూయడానికీ, గర్భిణి పాలను గురించిన ఈ భయానికీ చాలా పాత చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను తెలుసుకోవడం కేవలం కుతూహలం కోసం కాదు. పాలు మానిన తరువాతి ఏడాదిలో ఎందరో పసిబిడ్డలు ఎందుకు జబ్బుపడి మరణించారో అందులోనే బోధపడుతుంది.

ప్రాచీనులు ఏమన్నారు?

మన ప్రాచీన వైద్యగ్రంథాలు పాలు మాన్పించడాన్ని ఒక్క రోజులో ముగించే పనిగా చూడలేదు. సుశ్రుత సంహిత ఆరవ నెలలో బిడ్డకు తేలికైన, హితమైన అన్నం మొదలుపెట్టమన్నది. కాశ్యప సంహిత ఆరవ నెలలో పండ్లనూ, పదవ నెలలో అన్నాన్నీ చెప్పింది. వాగ్భటుని అష్టాంగహృదయం, దంతాలు వచ్చిన బిడ్డను క్రమక్రమంగా స్తన్యం నుంచి మళ్లించాలని చెప్పి, ఆ సమయంలో పెట్టడానికి సారపప్పు, అతిమధురం, తేనె, పేలాలు, కలకండ కలిపిన ఉండలను సూచించింది. (ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదన్నది నేటి వైద్యం మాట.) ఆ ఆచార్యుని దృష్టి రొమ్మును చేదు చేయడం మీద లేదు; బిడ్డ గిన్నెను తీపి చేయడం మీద ఉన్నది.

ఇతర సమాజాలూ ఈ ఘట్టాన్ని తేలికగా తీసుకోలేదు. ఇస్సాకు పాలు విడిచిన నాడు అబ్రాహాము గొప్ప విందు చేశాడని బైబిలు ఆదికాండం చెబుతుంది. ఖురాను స్తన్యపానానికి రెండు పూర్తి సంవత్సరాల గడువు చెప్పి, అంతకుముందే మాన్పించదలిస్తే తల్లిదండ్రులిద్దరూ సంప్రదించుకొని, ఇష్టపడి చేయాలన్నది.

చేదు పూసే ఉపాయం కూడా మన ఒక్కరిదే కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో రోమ్ నగరంలో వైద్యం చేసిన గ్రీకు వైద్యుడు సొరానస్ ఆనాడే దానిని ఖండించాడు. చనుమొనకు చేదు పదార్థాలు, దుర్వాసన గల పదార్థాలు పూసి హఠాత్తుగా మాన్పించడం తప్పనీ, ఆ ఆకస్మిక మార్పు బిడ్డకు హాని చేస్తుందనీ రాశాడు. పద్నాలుగు శతాబ్దాల తరువాత షేక్‌స్పియర్ రాసిన రోమియో జూలియట్ నాటకంలో దాది, మూడేండ్లు నిండవస్తున్న జూలియట్‌కు తాను పాలు మాన్పించిన రోజును గుర్తు చేసుకుంటుంది. ఆమె పూసుకున్నది మన మాచిపత్రి జాతికి చెందిన ఒక చేదు మొక్క. వైద్యుని హెచ్చరిక గ్రంథాలలో ఉండిపోయింది. దాది ఉపాయం ఇంటింటా నిలిచిపోయింది.

పక్కకు జరిగిన బిడ్డ

ఇక రెండవ భయం. సుమారు 7, 8 శతాబ్దాల నాటి మాధవ నిదానంలో పారిగర్భికం అనే బాలరోగం కనిపిస్తుంది. గర్భిణి అయిన తల్లి పాలు తాగే బిడ్డకు దగ్గు, మందాగ్ని, వాంతులు, మగత, చిక్కిపోవడం, అరుచి కలుగుతాయనీ, పొట్ట పెరుగుతుందనీ ఆ గ్రంథం వర్ణించింది. దీనికే పరిభవం అనే మరో పేరు కూడా ఉన్నది. పరిభవమంటే అవమానం, తిరస్కారం.

ఆ వర్ణన చదివిన ఏ పిల్లల వైద్యునికైనా ఒక ఆఫ్రికా మాట గుర్తుకు రాకమానదు. నేటి ఘానా దేశాన్ని అప్పట్లో గోల్డ్‌కోస్ట్ అనేవారు. అక్కడ పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు, ఒకటి నుంచి నాలుగేండ్ల వయసు పిల్లలలో ఒక జబ్బును గమనించి 1933లో వర్ణించింది. పాదాలూ చేతులూ వాచిపోవడం, చర్మం నల్లబడి పొరలుగా ఊడడం, జుట్టు రంగు తగ్గడం, బిడ్డ నిరంతరం చిరాకుపడుతూ చివరకు నిస్తేజంగా మారడం దాని లక్షణాలు. ఆ పిల్లలకు తల్లిపాలు పోయి, వాటి స్థానంలో దాదాపు మొక్కజొన్న గంజి ఒక్కటే మిగిలేది. 1935లో ఆమె ఆ జబ్బుకు స్థానిక గా భాషలోని పేరునే వైద్యలోకానికి అందించింది. అదే క్వాషియార్కర్. తరువాతి బిడ్డ పుట్టగానే పక్కకు జరిగిన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం.

ఎక్కడి మాధవ నిదానం, ఎక్కడి గా భాష! ఇద్దరూ చూసినది ఒకే స్థితిలోని బిడ్డను: తల్లి ఒడి నుంచి తమ్ముడో చెల్లెలో జరిపివేసిన బిడ్డను. మన పూర్వులు దోషాన్ని పాలలో వెతికారు. గా ప్రజల మాట మాత్రం బిడ్డ స్థానం పోవడాన్ని పట్టుకున్నది. పాలు పోయిన చోట ఏమి వచ్చిందన్న ప్రశ్నకు దారి చూపినది ఆ రెండవ దృష్టే.

కూనూరు నుంచి హైదరాబాదుకు

మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు వెతికిన సంస్థ ఇప్పుడు హైదరాబాదులోనే ఉన్నది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ప్రారంభించిన పోషకాహార పరిశోధన, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది. డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు దక్షిణ భారతంలోని పేద కుటుంబాలలో క్వాషియార్కర్‌ను దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. పేద తల్లులు తమకే చాలినంత తిండి లేకపోయినా ఏడాదికి పైగా బిడ్డకు పాలిస్తూనే ఉన్నారని, ఆ పాలే బిడ్డను కాపాడుతున్నాయని వారి పరిశీలనలలో తేలింది.

ఆ కాలంలో ప్రపంచమంతా ప్రొటీన్ లోపమే ప్రధాన సమస్య అనుకొని, ప్రత్యేకమైన ప్రొటీన్ పొడుల కోసం వెతుకుతున్నది. గోపాలన్ బృందం అందుకు భిన్నమైన మాట చెప్పింది. వాపుతో వచ్చే క్వాషియార్కర్‌కూ, ఎముకల గూడుగా మార్చే మరాస్మస్‌కూ లోనైన పిల్లలు అంతకుముందు తిన్న తిండిలో గుణపరమైన తేడా కనిపించలేదని 1968లో ప్రకటించింది. హైదరాబాదు సమీప గ్రామాలలో పసిపిల్లలకు రోజుకు సుమారు 310 కెలోరీలు, కేవలం 3 గ్రాముల ప్రొటీన్ గల అదనపు ఆహారమిచ్చి చూస్తే వారి ఎదుగుదల మెరుగుపడిందని 1973లో వెల్లడించింది. పిల్లలు తింటున్న ధాన్యం, పప్పు చెడ్డవి కావు. అవి చాలడం లేదు. గోధుమలు, శనగపప్పు, వేరుశనగలు, బెల్లంతో ఆ సంస్థ రూపొందించిన హైదరాబాద్ మిక్స్‌లో ఉన్నవన్నీ పల్లె అంగడిలో దొరికే వస్తువులే.

1970వ దశకంలో మేము వైద్యవిద్యార్థులుగా పిల్లల వార్డులో అడుగుపెట్టినప్పుడు, కాళ్లు ఉబ్బి, ఎటూ చూడక మూలుగుతూ కూర్చున్న బిడ్డలు కనిపించేవారు. ఇంటివారు దానిని దిష్టి అనో, పక్షిదోషమనో అనేవారు. ఇంట్లో మరో చంటిబిడ్డ ఉన్నదా అని అడిగితే, చాలాసార్లు ఆ బిడ్డ తల్లి ఒడిలోనే ఉండేది.

పోయినది పాలే కాదు

తల్లిపాలతో పాటు బిడ్డకు విటమిన్ ‘ఎ’ కూడా అందుతుంది. పాలు ఆగి, ఆకుకూరలు, గుడ్డు, నెయ్యి వంటివి అందకపోతే మొదట రేచీకటి, తరువాత నల్లగుడ్డు మెత్తబడి శాశ్వత అంధత్వం వస్తాయి. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా మన దేశంలో 1970లో విటమిన్ ‘ఎ’ మోతాదుల పథకం మొదలైంది. నేడు 9 నెలలకు టీకాతో పాటు, తరువాత 5 ఏండ్లు నిండే దాకా ఆరు నెలలకొకసారి వేసే చుక్కలు ఆ పథకం కొనసాగింపే.

పాల స్థానంలో సీసా వస్తే ప్రమాదం మరో రూపంలో వస్తుంది. సిసిలీ విలియమ్స్ 1939లో సింగపూరులో చేసిన ప్రసంగంలో, డబ్బా పాలను తల్లిపాలకు బదులుగా అంటగట్టే ప్రచారాన్ని శిశుహత్యతో పోల్చింది. 1981లో అంతర్జాతీయ నియమావళి వచ్చింది. 1992లో మన పార్లమెంటు చేసిన చట్టం తల్లిపాలకు బదులుగా అమ్మే పాలపొడులు, పాలసీసాల ప్రకటనలను నిషేధించింది.

ఈ చరిత్ర మనకు చెప్పేది

గర్భిణి పాలు విషం కావు. గర్భం పెరిగేకొద్దీ పాల పరిమాణం తగ్గుతుంది, రుచి మారుతుంది, అంతే. గర్భం ఆరోగ్యంగా ఉన్నంత వరకు పాలివ్వవచ్చు. రక్తస్రావం, నెలలు నిండకముందే నొప్పులు, గతంలో అకాల ప్రసవం వంటివి ఉంటే వైద్యుని సలహా తీసుకోవాలి. మళ్లీ నెల తప్పిందని తెలిసిన రోజు, పాలు ఆపవలసిన రోజు కాదు. పెద్దబిడ్డ గిన్నెను నింపడం మొదలుపెట్టవలసిన రోజు.

ఆరు నెలలు నిండగానే పాలతో పాటు ఆహారం మొదలుపెట్టి, రెండేండ్ల దాకా, ఆపైన కూడా పాలివ్వవచ్చు. రెండవ ఏట సైతం బిడ్డకు కావలసిన శక్తిలో మూడవ వంతు వరకు తల్లిపాలే ఇవ్వగలవు. మాన్పించదలిస్తే ముందు పగటి పాలలో ఒక పూటను తగ్గించి, ఆ వేళకు తిండి పెట్టాలి. కొన్ని రోజుల తరువాత మరో పూట. రాత్రి పడుకునే ముందు పాలు చివరికి మిగలాలి. అడగనప్పుడు ఇవ్వనక్కరలేదు, అడిగి ఏడ్చినప్పుడు కసరకూడదు. విరేచనాలు, జ్వరం, తట్టు ఉన్నప్పుడు మాన్పించరాదు. ఇలా మెల్లగా మాన్పిస్తే తల్లికీ రొమ్ము గడ్డకట్టి నొప్పి పుట్టడం, చీము పట్టడం వంటి బాధలు తక్కువ. రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే వెంటనే వైద్యునికి చూపించాలి.

మన సీమకు రాగి కొత్త కాదు. అయితే పలుచని అంబలి బిడ్డ పొట్ట నింపుతుంది గాని శక్తినివ్వదు. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తే, మొలకలలో పుట్టిన ఎంజైములు పిండిపదార్థాన్ని కొంత విడగొడతాయి. అందువల్ల ఎక్కువ నీరు పోయకుండానే జావ మింగడానికి వీలుగా ఉంటుంది. అందులో వేరుశనగల పొడి, బెల్లం, ఒక చెంచా నెయ్యి కలపవచ్చు. వేరుశనగ గింజలను మాత్రం పొడి చేయకుండా పెట్టరాదు, గొంతులో అడ్డుపడతాయి. పప్పన్నం, గుడ్డు, ఆకుకూర, అరటిపండు ఇంటిలోనివే. రోజుకు మూడు నాలుగు సార్లు భోజనం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి ఉండాలి. తాగేది గిన్నెతోనే గాని సీసాతో వద్దు. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూయించండి. పాలు మాన్పించిన తరువాత బరువు పెరగకపోయినా, పాదాలలో వాపు కనిపించినా, దిష్టి తీయించుకుంటూ కూర్చోక ఆసుపత్రికి తీసుకురండి.

వాగ్భటుడు బిడ్డ చేతికి తీపి ఉండ ఇచ్చాడు. మనం రొమ్ముకు వేప పూస్తున్నాం. ఈ ఒక్క విషయంలో పాత పద్ధతికి తిరిగి వెళ్లడమే మంచిది.