వైకల్య పింఛను (భారత సైన్యం)

సైనిక సేవ వల్ల కలిగిన, లేదా ఆ సేవలో ముదిరిన వైకల్యానికి భారత ప్రభుత్వం ఇచ్చే పింఛను ఇది. ఇందులో రెండు భాగాలుంటాయి: చేసిన కొలువుకు సేవా భాగం, దెబ్బతిన్న ఒంటికి వైకల్య భాగం. రెండూ ఎందుకని అడిగేవారున్నారు. మొదటిది సంపాదించుకున్నది, రెండోది పోగొట్టుకున్నదానికి పరిహారం; ఒకటి ఇచ్చి మరొకటి ఎగ్గొట్టడం న్యాయం కాదు. నూరు శాతం వైకల్యానికి వైకల్య భాగం కింద ఆఖరి జీతంలో 30 శాతం వస్తుంది. జీతం 60,000 అయితే 18,000 రూపాయలు. 20 శాతం వైకల్యానికి 3,600. దాన్ని 50 శాతంగా లెక్కగట్టే సవరణ వర్తిస్తే 9,000. 20కి తగ్గితే సాధారణంగా వైకల్య భాగం రాదు. ఈ గీత కాస్త కఠినమైనదే.

అసలు పేచీ వైకల్యానికి కారణం ఏమిటన్న దగ్గర. రక్తపోటు, మధుమేహం ఊళ్లో ఉన్నవాళ్లకూ వస్తాయి కదా, ఖజానా ఎందుకు మోయాలన్నది అభ్యంతరం. అది కొట్టిపారేయదగ్గది కాదు. 2023లో ఈ పింఛను నిబంధనలు బిగియడానికి ఆ వాదనే ఊతం. అయితే వైద్య పరీక్షలో నెగ్గినవారినే సైన్యం చేర్చుకుంటుంది. చేరేనాటి పత్రాల్లో జబ్బు ఊసు లేకపోతే అది కొలువులో వచ్చినట్టే భావించాలని, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేనని ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. వైద్య మండలి కారణాలు రాయకుండా ‘సేవకు సంబంధం లేదు’ అంటే చెల్లదు. నిజంగా సంబంధం లేనప్పుడు ఆ కారణాలు రాయడానికి అడ్డేమీ లేదు. దుర్వినియోగానికి విరుగుడు ఆ రాతలోనే ఉంది, హక్కును కుదించడంలో కాదు.